రక్తం చెప్పని మాట

ఆటో వచ్చి వాకిట్లో ఆగింది. ఇంజను ఆపేసి డ్రైవరు ఎదురింటి పందిరి నీడలోకి పోయి కూర్చున్నాడు కూడా. మహాలక్ష్మి మాత్రం అరుగు మీద నుంచి లేవలేదు. కత్తిపీట ముందేసుకుని కవళ్ళ చేపలు శుభ్రం చేస్తూనే ఉంది.

"లెయ్యి మే. తొమ్మిదికంతా ఆడుండాలని చెప్పినారు," అన్నాడు మునెయ్య. ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, పెళ్ళికి పోయేవాడిలా తయారై నిలబడ్డాడు.

"నేను రానని రాత్రే చెప్పినా గదా బావా."

"రాత్రి చెప్పినావు. తెల్లారితే మనసు మారతాదనుకున్నా."

"మారలా."

వేట నిషేధం రోజులు. మైపాడు నుంచి కిందికి తీరమంతా పడవలు ఇసక మీదికెక్కి బోర్లా పడుకుని ఉన్నాయి. మామూలు రోజుల్లో అయితే ఈ పాటికి మునెయ్య సముద్రం మీద ఉండేవాడు. ఇంట్లో ఏ గొడవ జరిగినా సాయంత్రానికి సగం చల్లారిపోయేది. ఇప్పుడు అట్లా కాదు. పొద్దున లేస్తే ముగ్గురూ ఇంట్లోనే. ఎవరి మొహం ఎవరికీ దాగదు.

"స్కానింగే గదా. సూది కూడా ఒకటే అంట. పోతాం, తీయించుకుంటాం, వస్తాం."

"ఆ తర్వాత?"

"తర్వాత ఏముండాది?"

"ఏముండాదో నీకు తెల్దా? మళ్ళా ఆ ఎర్ర మందు ఎక్కిస్తారు. జుట్టు రాలిపోతాది. కూర వాసన తగిలితే వాంతులు. బిందుకి ఏడో నెల పడింది బావా. పురిటికి ఈడికే తెచ్చుకోవాల గదా. బిడ్డకి నీళ్ళు పోసేది ఎవరు? పత్తెం వండేది ఎవరు? నన్ను రెండు నెలలు వదిలెయ్యండి. బిడ్డ బయటపడినాక మీరు ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తా."

వాకాడులో అత్తవారింట ఉన్న కూతురు బిందుకి ఈ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు. చెప్పొద్దని మహాలక్ష్మి ఒట్టు పెట్టింది.

మునెయ్య లోపలికి చూశాడు. "అమ్మా, నువ్వన్నా చెప్పు."

కామమ్మ గడప దాటి వచ్చింది. కోడలి చీర ఒకటి, తువ్వాలు, నీళ్ళ సీసా పెట్టి సర్దిన సంచి ఆమె చేతిలో ఉంది. దాన్ని అరుగు చివర నెమ్మదిగా పెట్టింది.

"దాని ఇష్టం నాయినా," అంది. "బలవంతం చెయ్యమాక."

మహాలక్ష్మి చేతిలోని చేప జారి గిన్నెలో పడింది.

ఆ గొంతే ఆమెకు గిట్టడం లేదు.

కామమ్మ ఆమెకు వట్టి అత్త కాదు, మేనత్త. తండ్రికి అక్క. ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి ఇద్దరికీ తగువు లేని పూట లేదు. పులుసులో చింతపండు ఎక్కువైందని, ఎండబెట్టిన చేప తిరగెయ్యలేదని, తలుపు దడాలున వేసిందని, వెయ్యలేదని. మూడేళ్ళ కిందట ఎడమ రొమ్ము తీసేసి కట్లతో ఇంటికి తెచ్చినప్పుడు కూడా, "ఆ చెయ్యి అట్టా వేలాడెయ్యమాక, వాచిపోతాది, ఎన్నిసార్లు చెప్పేది నీకు," అని వీధంతా వినపడేలా అరిచిన మనిషి.

ఆ తర్వాత మూడు నెలలకో మాటు రక్తపరీక్ష. జబ్బు కణాలు రక్తంలోకి వదిలే ఒక పదార్థం ఎంతుందో అందులో ఒక సంఖ్యగా వస్తుంది. ముప్పై లోపు ఉంటే మంచిదన్నారు. పద్దెనిమిది, ఇరవై, పంతొమ్మిది, అట్లా ముప్పైకి చాలా కిందనే ఉంటూ వచ్చింది. ఆ సంఖ్య విన్న రోజున మహాలక్ష్మి నెల్లూరులో మైసూర్‌పాకు కొనుక్కొచ్చేది. ఆస్పత్రిలో పక్క మంచం మీద స్నేహమైన ముత్తుకూరు అబిగయీలుకు ఫోను చేసి, "మళ్ళా పంతొమ్మిదే అబిగయీలూ!" అని చిన్నపిల్లలా నవ్వేది.

పోయిన వారం వచ్చిన సంఖ్య నలభై ఆరు.

ఆ రోజు నుంచి కామమ్మ గొంతు మెత్తబడింది. పులుసు బాగుందంటోంది. పెద్ద ముక్క కోడలి కంచంలో వేస్తోంది. నిన్న మహాలక్ష్మి కావాలనే అన్నంలో ఉప్పు గుమ్మరిస్తే, కామమ్మ రెండు ముద్దలు మింగి, మంచినీళ్ళు తాగి, కిక్కురుమనకుండా చెయ్యి కడుక్కుంది.

"అత్తా," అంది మహాలక్ష్మి ఇప్పుడు. "నిన్న అన్నం ఎట్టుండింది?"

"బాగుండింది తల్లీ."

"తల్లీనా?" మహాలక్ష్మి కత్తిపీట పక్కకు తోసింది. "ఉప్పు కషాయం పెట్టినా నీకు! బాగుండిందంటావా? ఎన్నడన్నా నన్ను తల్లీ అన్నావా నువ్వు? ఎందుకు నన్నింత మర్యాదగా చూస్తుండావు? నేను సచ్చిపోయినట్టేనా? దినం భోజనం పెడుతుండావా నాకు?"

"మే!" అన్నాడు మునెయ్య.

"నువ్వుండు బావా. ఈ ఇంట్లో స్కానింగు ఇంకెందుకు? ఈమె మొహం చూస్తే చాలు, నా రిపోర్టు కనపడతా ఉండాది. మందెక్కించినప్పుడు కూడా నేను భయపళ్ళా. ఎందుకంటే ఈమె తిడతా ఉండింది. తిడతా ఉండిందంటే నేను బతుకుతానన్నమాట. ఇప్పుడు నోరు మూసుకునింది."

కామమ్మ తల వంచుకుని నిలబడింది. ఎదురింటి పందిరి కింద ఆటో డ్రైవరు సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు.

"మాట్లాడు అత్తా."

కామమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఎగిసిపడుతున్నాయి. మునెయ్య గబగబా దగ్గరికి పోయి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"మొక్కుకున్నా రా," అంది ఆమె కొడుకుతో, కోడలి వైపు చూడకుండా. "గంగమ్మకి మొక్కుకున్నా. దాని నెంబరు దిగేదాకా దాన్ని ఒక్క మాట అననని. నా దగ్గర ఇంకేముండాది ఇచ్చేదానికి? కోడి, మేక అందరూ ఇస్తారు. నాకు నోరే గదా ఉండేది. అదిచ్చేసినా."

తెరిచిన గిన్నె మీద ఈగలు వాలుతున్నా మహాలక్ష్మి తోలలేదు.

తర్వాత ఆమెకు నవ్వొచ్చింది. మొదట ముక్కుతో, తర్వాత ఒళ్ళంతా. నవ్వుతూనే కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి. చేపల చేత్తో తుడుచుకోలేక మోచేత్తో తుడుచుకుంది.

"గంగమ్మకి నువ్విచ్చిన మొక్కు ఎక్కువైపోయింది అత్తా. ఆమె కూడా తట్టుకోలేదు. వెనక్కి తీసుకో."

"మొక్కు వెనక్కి తీసుకుంటారా ఎవరన్నా?"

"నా కోసం పెట్టిన మొక్కు, నేనే వద్దంటుండా. తిట్టు."

"తిడితే ఆస్పత్రికి పోతావా?"

"ముందు తిట్టు, చూస్తా."

కామమ్మ కొంగు దించింది. వారం రోజులుగా ఎక్కడో దాచిపెట్టిన గొంతు పైకి రావడానికి కాస్త తడబడింది. తర్వాత వచ్చింది.

"పురుడు పోస్తావంట పురుడు! నేను చచ్చినానా? బిందు పుట్టినప్పుడు నీకు పురుడు పోసింది నేను గాదూ? కాళ్ళ మీద పడుకోబెట్టుకుని దానికి నీళ్ళు పోసింది ఎవరు, మీ నాయనా? ఆ పుట్టే బిడ్డకి అమ్మమ్మ ఒళ్ళో కావాల్నా, గోడ మీద పటంలో కావాల్నా? ఆ మాత్రం బుద్ధి లేదు. మా తమ్ముడి మొండితనమంతా నీకే వచ్చింది. అసలు రానిదానివి పొద్దుట్నించి టీ చుక్క ఎందుకు తాగలా? ఖాళీ కడుపుతో రమ్మంది వాళ్ళు. పస్తు ఎందుకుండావు? చెప్పు!"

మహాలక్ష్మి కత్తిపీట తీసి గోడకు ఆనించింది.

నిజమే. తెల్లవారుజామున లేచినప్పటి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. రానని అంటూనే పొయ్యి మీద టీ కాచి ఇద్దరికీ పోసి, తన గ్లాసు బోర్లించింది. ఎందుకో తనకే తెలియదు.

ఆమె లేచి చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయింది. వెనక నుంచి కామమ్మ గొంతు వినిపిస్తూనే ఉంది. "సబ్బుతో కడుక్కో! కవళ్ళ కంపుతో పోతావా నెల్లూరికి?"

వాళ్ళు ఆటో ఎక్కేసరికి కామమ్మ కూడా చెప్పులేసుకుని వచ్చి పక్కన కూర్చుంది. ఆస్పత్రి వాసనంటేనే పడదని మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఆ గడప తొక్కని మనిషి. మునెయ్య ఆశ్చర్యంగా చూశాడు.

"నువ్వెందుకమ్మా ఎండలో?"

"నేనూ వస్తా. జరుగు."

*

స్కానింగు హాలు చల్లగా ఉంది. మునెయ్య కిటికీ దగ్గర వరుసలో నిలబడ్డాడు. అత్తాకోడళ్ళిద్దరూ ఇనప కుర్చీల్లో కూర్చున్నారు. కామమ్మ కాళ్ళు పైకి ముడుచుకుంది.

"అక్కా!"

మహాలక్ష్మి తలెత్తింది. ఎదురుగా, చేతికర్ర పట్టుకుని, పొట్టి జుట్టు నెరిసిన ఆడమనిషి. ఒక్క క్షణం పోల్చుకోలేకపోయింది.

"అబిగయీలూ?"

అబిగయీలు నవ్వుతూ వచ్చి పక్క కుర్చీలో జాగ్రత్తగా కూర్చుంది. కూర్చునేటప్పుడు ఒక చెయ్యి తుంటి మీద పెట్టుకుంది. మహాలక్ష్మి కన్నా చిన్నది. ఇప్పుడు పెద్దదానిలా ఉంది.

"ఏంది ఈ కర్ర? పడినావా?"

"పళ్ళేదక్కా. నువ్వేంది ఈడ? నీకు రక్తపరీక్షే గదా."

మహాలక్ష్మి చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "నలభై ఆరు వచ్చింది."

అబిగయీలు మహాలక్ష్మి చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

"నీదెంత?" అని అడిగింది మహాలక్ష్మి.

"పదహారు."

"పోనీలే. నువ్వన్నా బాగుండావు."

"పదహారే అక్కా," అంది అబిగయీలు. "తుంటి ఎముకలోకి వచ్చినప్పుడూ పదహారే. వెన్నులో కనపడినప్పుడూ పదహారే. నా రక్తం ఎన్నడూ నా గురించి చెడ్డ మాట చెప్పలా. నొప్పి ఆగకపోతే నేనే పోయి ఫొటో తీయించుకున్నా. అప్పుడు తెలిసింది."

మహాలక్ష్మి ఆమె మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. "ఎప్పుడు?"

"రెండేళ్ళు కావస్తా ఉండాది."

"రెండేళ్ళా? నేను నీకు ఫోను చేస్తానే ఉన్నా గదా! ఒక్క మాట చెప్పలేదేంది?"

"ఎట్టా చెప్పేది? నువ్వు ఫోను చేసేది నెంబరు తగ్గినప్పుడే. మళ్ళా పంతొమ్మిదే అని ఎంత సంబరంగా చెప్తావు! ఆ పూట నా నెంబరు కూడా బాగుండాది గానీ జబ్బు తిరగబెట్టిందని చెబితే, నీకు ఆ పంతొమ్మిది ఎందుకు పనికొస్తాది? నీ సంతోషం నేనెందుకు చెరపాల? అందుకే నాకూ బాగుండాదని చెప్పేసేదాన్ని."

మహాలక్ష్మికి తను చేసిన ఫోన్లన్నీ వరసగా గుర్తొచ్చాయి. అవతల ఈ పిల్ల కర్ర పట్టుకుని నిలబడి, "దేవునికి స్తోత్రం అక్కా," అని నవ్వుతూ ఉండేదన్నమాట.

"ఇప్పుడు ఎట్టుండావు?"

"మాత్రలు వేసుకుంటుండా. నెలకో సూది. వంట చేసుకుంటా. చర్చికి పోతా. పెద్దోడి పెళ్ళి చేసినా. డాక్టరు పూర్తిగా తగ్గిపోతాదని చెప్పలా, పోతావనీ చెప్పలా. నడుస్తా ఉండాది."

అంతసేపూ వింటూ కూర్చున్న కామమ్మ ముందుకు వంగింది. "మొదట్లో నొప్పి ఉండిందా అమ్మా నీకు?"

"రొమ్ములోనా పెద్దమ్మా? ఊహూ, లేదు. నొప్పుంటే ముందే ఆస్పత్రికి పోదుము గదా. చిన్న గోలీ మాదిరి ఉండింది. నొప్పి లేదు గదా అని ఊరుకున్నా."

కామమ్మ తలూపి మళ్ళీ వెనక్కి ఆనుకుంది.

"మహాలక్ష్మీ! ఎవరమ్మా మహాలక్ష్మి?" అని లోపల్నుంచి పిలిచారు. అబిగయీలు ఆమె చెయ్యి గట్టిగా నొక్కి వదిలింది.

లోపల సూది వేసి ఒక చిన్న గదిలో పడుకోబెట్టారు. మందు ఒళ్ళంతా పాకేదాకా కదలకూడదన్నారు. సూది వేసిన అమ్మాయి పోతూ పోతూ, "ఈ పొద్దంతా గర్భిణుల దగ్గరికి, పసిపిల్లల దగ్గరికి పోవద్దమ్మా. ఒంట్లో మందు తగ్గేదాకా దూరంగా ఉండాల," అని చెప్పింది.

మహాలక్ష్మి తెల్లటి కప్పు వైపు చూస్తూ పడుకుంది. బిందు పొట్ట మీద చెయ్యి పెట్టి చూసింది పోయిన నెల. లోపల్నుంచి బిడ్డ తన్నితే ఇద్దరూ నవ్వారు. ఇప్పుడు అదే చేతిని దూరంగా పెట్టుకోమంటున్నారు. ఆమెకు ఏడుపు రాలేదు. అబిగయీలు చెప్పిన పదహారు గుర్తొచ్చింది. మూడేళ్ళుగా తను దణ్ణం పెట్టుకున్నది ఆ సంఖ్యకేనా అనిపించింది.

*

డాక్టర్ చంద్రమౌళి చాలాసేపు తెర మీద ఫొటోలు తిప్పి చూశాడు. రిపోర్టు మీద మరోసారి కన్నేశాడు. మునెయ్య కుర్చీ అంచున కూర్చున్నాడు. కామమ్మ తలుపు దగ్గరే నిలబడింది.

"స్కానులో ఏమీ కనిపించలేదు," అన్నాడు డాక్టరు.

మునెయ్య గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

"ఆగు మునెయ్యా, పూర్తిగా విను. ఇవాళ రక్తం మళ్ళీ పరీక్షించాం. నలభై ఎనిమిది వచ్చింది. అంటే మొన్నటిది ల్యాబు పొరపాటు కాదు. సంఖ్య నిజంగానే పెరిగింది."

"మరి ఫొటోలో లేదంటిరి గదా సార్?"

"లేదు. కాలేయం బాగుంది, ఊపిరితిత్తులు, ఎముకలు అన్నీ బాగున్నాయి. ఆ పదార్థం జబ్బు వల్లే పెరగాలని లేదు. కాలేయంలో వాపు ఉన్నా, ఇంకా వేరే కారణాల వల్ల కూడా పెరుగుతుంది. కొందరిలో ఏ కారణమూ దొరకదు. మరి కొందరిలో ముందు రక్తంలో పెరిగి, కొన్ని నెలల తర్వాత స్కానులో బయటపడుతుంది."

"మా మాలచ్చిమి ఏ రకం సార్?"

డాక్టరు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "వెయ్యి మందిని తీసుకుంటే, సంఖ్య ఎక్కువున్న వాళ్ళకి జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువే. అది నేను దాచను. కానీ ఆ వెయ్యి మందిలో ఈమె ఎవరో ఈ కాగితం చెప్పలేదు. ఆపరేషనుకు ముందు ఈమె సంఖ్య తక్కువే ఉంది. గడ్డ కూడా చిన్నదే. అవి మంచి గుర్తులు."

"అయితే ముందే మందు పెట్టేయండి. అది పైకి రాకముందే చంపేయండి."

"కనిపించని దానికి మందు పెడితే ఎక్కువ కాలం బతుకుతారని ఇంతవరకు ఎక్కడా తేలలేదు. మందు చేసే కీడు మాత్రం ఈమె పడాల్సిందే. ఇప్పుడు వేసుకుంటున్న మాత్ర మానకుండా వేసుకోమను. అంతే."

"అట్టా చేతులు ముడుచుకుని కూసోమంటారా?" మునెయ్య గొంతు లేచింది. "చెన్నై తీసుకుపోతా. ఆడ పెద్ద డాక్టర్లుంటారు."

"తీసుకుపో. నేనే ఉత్తరం రాసిస్తా. వాళ్ళు వేరే మాట చెబితే నేనూ తెలుసుకుంటా."

ఆ మాటతో మునెయ్య కోపం ఎక్కడ నిలబడాలో తెలియనట్టు ఆగిపోయింది. టేబులు అంచు పట్టుకుని కూర్చున్నాడు.

అప్పటిదాకా మాట్లాడని మహాలక్ష్మి అడిగింది. "సార్, నేనిప్పుడు ఏమనుకుని ఇంటికి పోవాల? జబ్బు ఉండాదనా, లేదనా?"

డాక్టరు మొహంలో ఏదో కష్టం కనిపించింది.

"నాకు తెలియదమ్మా," అన్నాడు. "తెలుసని చెబితే అబద్ధమవుతుంది."

మూడేళ్ళలో ఆయన నోట ఆ మాట వినడం ఇదే మొదలు. చిత్రంగా, మహాలక్ష్మికి ఆయన మీద నమ్మకం పెరిగింది.

"ఒళ్ళు గమనించుకో. ఎక్కడన్నా కొత్త నొప్పి వచ్చి తగ్గకపోయినా, దగ్గు పట్టుకున్నా, ఆకలి పోయినా, రోజులు గడపకుండా రా. రక్తపరీక్ష మళ్ళీ ఎప్పుడు చేద్దామనేది నిన్నడిగే నిర్ణయిస్తా. చాలామంది డాక్టర్లు బాగున్నవాళ్ళకి ఈ పరీక్ష అసలు చెయ్యరు. నేను చేయిస్తూ వచ్చాను. దానివల్ల నీకు ధైర్యం వచ్చింది. ఈ వారం నీకు నిద్ర లేకుండా పోయిందీ దానివల్లే."

"నెల నెలా చేయించండి సార్," అన్నాడు మునెయ్య.

"వద్దు," అంది మహాలక్ష్మి. "బిందు కాన్పయ్యేదాకా నాకు ఏ నెంబరూ వద్దు. ఆ తర్వాత చేయించుకుంటా. ఈలోపల ఒంట్లో తేడా వస్తే నా అంతట నేనే వస్తా. దాచను. ఒట్టు."

డాక్టరు తలూపాడు. మునెయ్య భార్య వైపు చూశాడు. పొద్దున అరుగు మీద భీష్మించుకుని కూర్చున్న మనిషి కాదు ఈమె. వాదించబోయి, మానుకుని, కింద పడిన ఆమె తువ్వాలు తీసి సంచిలో పెట్టాడు.

*

ఇందుకూరుపేట దాటేసరికి మునెయ్యకు హుషారు వచ్చేసింది. ఫొటోలో ఏమీ లేదన్న మాట ఒక్కటే పట్టుకున్నాడు. తక్కిందంతా నెల్లూరులోనే వదిలేశాడు. దారిలో ఆటో ఆపించి కర్బూజా పండ్లు కొన్నాడు. ఇంటికి రాగానే చొక్కా విప్పి పడేసి, పడవల దగ్గర వలలు బాగుచేసుకుంటున్న వాళ్ళకు చెప్పి రావడానికి పోయాడు. కాసేపటికి అక్కడి నుంచి అతని నవ్వు ఇంటిదాకా వినిపించింది. వారమైంది అతను అట్లా నవ్వి.

మహాలక్ష్మి పొయ్యి వెలిగించింది. పొద్దున వదిలేసిపోయిన కవళ్ళు పక్కింటి వాళ్ళు ఎండలో వేసి పెట్టారు. అన్నానికి ఎసరు పెట్టింది.

"మాలచ్చిమీ," అని పెరట్లో నుంచి పిలిచింది కామమ్మ. "ఇట్టా రా. వీపు రుద్దు."

పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు. తాటాకు దడి సందుల్లోంచి ఎర్రటి వెలుగు స్నానాల బండ మీద పడుతోంది. కామమ్మ తడి చీరతో బండ మీద కూర్చుని ఉంది. మహాలక్ష్మి వెనక నిలబడి సున్నిపిండి అద్ది రుద్దడం మొదలుపెట్టింది. ఎముకలు తేలిన వీపు. ఎప్పుడు ఇంత చిక్కిపోయింది ఈమె?

"ఈ మధ్య నువ్వు సరిగ్గా తింటం లేదు అత్తా."

కామమ్మ చెంబుతో నీళ్ళు భుజం మీద పోసుకుంది.

"ఇంకా ఆ మొక్కు గురించే దిగులా? గంగమ్మకి నేను చెప్పుకుంటాలే."

"అది కాదు."

"మరేంది?"

కామమ్మ వెనక్కి చెయ్యి చాపి కోడలి మణికట్టు పట్టుకుంది. ఆ చేతిని తన చంక కింద నుంచి ముందుకు లాక్కుంది. తడి చీర కింద, కుడి రొమ్ము పక్కన ఆనించింది.

"ఈడ చూడు," అంది. "ఇదేందో నీకైతే తెలుస్తాది."

మహాలక్ష్మి వేళ్ళు ఆగిపోయాయి. తర్వాత మెల్లగా కదిలాయి. చర్మం కింద, గట్టిగా, జరపబోతే జరగకుండా. ఆ గట్టిదనం ఆమె వేళ్ళకు బాగా తెలుసు. మూడేళ్ళ కిందట ఇదే బండ మీద స్నానం చేస్తూ తన ఒంట్లో తాకింది అదే.

"ఎన్నాళ్ళాయె?" వేళ్ళు తియ్యకుండానే అడిగింది.

"పొంగలప్పుడు చూసుకున్నా. నొప్పి లేదు. అదే పోతాదనుకున్నా. ఆ తర్వాత నీ నెంబరు పెరిగింది. ఇంట్లో ఇద్దరమంటే వాడు ఏమైపోతాడు? నీది తేలినాక చూద్దామనుకున్నా. ఈ పొద్దు ఆ కర్ర పిల్ల చెప్పింది గదా, నొప్పుండదని." కామమ్మ ఆగింది. "అప్పట్నించి భయమేస్తుండాది మాలచ్చిమీ."

ఆమె నోట భయమన్న మాట మహాలక్ష్మి ఎన్నడూ వినలేదు. తుఫానుకు మునెయ్య పడవ రెండు రోజులు కనపడకుండా పోయినప్పుడు కూడా వినలేదు.

మీ పుట్టింటి వైపు ఎవరికైనా ఈ జబ్బు ఉందా అని మూడేళ్ళ కిందట డాక్టరు అడిగాడు. లేదని చెప్పింది. నాయన అక్క ఇదిగో, ఈ బండ మీద కూర్చుని వణుకుతోంది. నాయన రక్తం తనలో ఉంది. తన రక్తం వాకాడులో ఏడో నెల కడుపుతో ఉంది. ఆలోచన అంతదాకా పోయి ఆగింది. అక్కడి నుంచి ముందుకు పోవడానికి మహాలక్ష్మి ఒప్పుకోలేదు. ఇప్పుడు కాదు.

ఆమె బండ మీద కూర్చుని, తడి చీరతోనే కామమ్మను ఒళ్ళోకి ఆనించుకుంది. పొద్దుట్నించి తనలో ఊగుతూ ఉన్నదేదో నిలబడినట్టయింది.

"పరీక్ష చేస్తే గానీ ఏందో తెల్దు అత్తా. అన్నీ అదే కావు. అదే అయినా, దారి నాకు తెలుసు. ఏ గదికి పోవాలో, ఎవరిని అడగాలో, మందు ఎక్కేటప్పుడు ఏం తినాలో నాకు తెలుసు. రేపు మనిద్దరం పోదాం."

"ఇంటి ముందు ఆటో చూస్తే వాడు ఊరుకుంటాడా?"

"చెప్పి పోదాం."

"వద్దే. ఈ పూటకి వద్దు." కామమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వారమైంది వాడు అన్నం సరిగ్గా తిని. ఈ ఒక్క పూట తిననీ."

వాకిట్లో చెప్పుల చప్పుడైంది. "అమ్మా! మాలచ్చిమీ! యాడుండారు ఇద్దరూ?" మునెయ్య గొంతు ఇంట్లోంచి పెరటి వైపు వస్తోంది. "కర్బూజా కోసినా, రండి! బిందు ఫోను చేసింది. ఎల్లుండి వస్తాదంట, నాలుగు రోజులుండి పోతాదంట!"

కామమ్మ గబాలున కొంగు సర్దుకోబోయింది. తడి కొంగు చేతిలోంచి జారింది.

"వస్తుండాం, నువ్వు ఆడనే ఉండు," అని కేకేసింది మహాలక్ష్మి. గొంతు మామూలుగానే వచ్చింది. మామూలుగా వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

దడి అవతల అడుగులు ఆగాయి.

మహాలక్ష్మి తన కొంగు తీసి అత్త భుజాల చుట్టూ కప్పింది.